సగం చదివిన మాట

నాన్న పోయిన ఏడాది మా అమ్మను నేను ఏడవనివ్వలేదు. విశ్వాసం పేరు చెప్పి, నిరీక్షణ పేరు చెప్పి, ఒళ్ళో బైబిలు పెట్టుకుని మరీ ఆవిడ నోరు మూయించాను. అది ఎంత తెలివితక్కువ పనో తెలిసేసరికి ఆ ఏటి పండగ నెల దాదాపు అయిపోయింది. నేను బళ్ళో పాఠాలు చెప్పేవాణ్ణి. ఆదివారాలు మా మందిరంలో సండేస్కూలు చూసుకుంటాను. వాక్యం నాకు బాగా తెలుసనే నమ్మకం ఎప్పుడు తలకెక్కిందో గానీ, మా అమ్మ దుఃఖం ఎంత ఉండాలో, ఎలా ఉండాలో కూడా నేనే చెప్పగలననుకున్నాను. ఈ సంగతి లోపలే దాచుకోవచ్చు. కానీ ఈ డిసెంబరులో కూడా మా కోనసీమలో చాలా ఇళ్ళలో కొడుకులూ కూతుళ్ళూ, అప్పుడప్పుడూ బోధకులూ, భర్త పోయిన మనిషికి ఇదే మాట చెబుతూ ఉంటారు. ప్రేమతోనే చెబుతారు. నేనూ ప్రేమతోనే చెప్పాను.

నాన్న కొబ్బరి ఒలుపు పని చేసేవారు. నేలలో పాతిన ఇనుప గునపం మొనకు కాయ గుచ్చి, ఇటో విరుపు, అటో విరుపు విరిచి డొక్క తీసేస్తే కాయ బోడిగా చేతిలోకి వచ్చేది. అంబాజీపేట మార్కెట్టుకు చేరిన కాయల్లో ఎన్ని ఆయన చేతి మీదుగా వెళ్ళాయో లెక్క లేదు. అరచేతుల్లో నల్లటి చారలు పడిపోయి ఉండేవి, పండగపూట కుంకుడురసంతో రుద్దినా పోయేవి కావు. ఆ పని మీదే నన్ను బీయీడీ చదివించారు, చెల్లికి పెళ్ళి చేశారు. పెళ్ళి అప్పు, తర్వాత అల్లుడి వైద్యం అప్పు తీరక చెల్లి కువైట్ వెళ్ళింది. రాజోలు, మలికిపురం, మామిడికుదురు, మా పి.గన్నవరం వైపు ఏ వీధిలో చూసినా కువైట్లోనో మస్కట్లోనో దుబాయిలోనో ఇంటిపని చేసే ఆడకూతురు ఒక్కరైనా ఉంటారు. మా వీధిలో మా చెల్లి.

2022 జూలైలో గోదావరి ఎలా వచ్చిందో ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు వెళ్ళిందంటే, కింద మా లంకల గతేమిటో వేరే చెప్పక్కర్లేదు. ఊడిమూడిలంక వైపు వాళ్ళకు పడవ తప్ప దారి లేకుండా పోయింది. నాన్న ఏటిగట్టు మీద ఇసుక బస్తాలు వేసేవాళ్ళతో కలిసి రాత్రిళ్ళు కాపలా ఉన్నారు. వద్దంటే వినలేదు. నీరు తీశాక జ్వరం పడ్డారు. జ్వరం తగ్గింది గానీ మనిషి తిరిగి లేవలేదు, గుండె బలహీనపడిందన్నారు. సెప్టెంబరులో రాజమండ్రి ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు. అంబులెన్సు అద్దంలోంచి గన్నవరం అక్విడెక్టు కనబడగానే అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, "ఊరొచ్చేసిందండీ, ఇదుగో" అంది. అప్పటికే ఆయన లేరు. నాకు తెలుసు. అమ్మకు తెలియదనుకున్నాను. ఆవిడకూ తెలుసట, చాలా రోజుల తర్వాత చెప్పింది.

భూస్థాపన చెల్లి వీడియో కాల్లో చూసింది. సమాధుల తోటలో సిగ్నల్ అందక బొమ్మ మాటిమాటికీ ఆగిపోయేది. మట్టి వేసే సమయానికి కాల్ తెగిపోయింది.

ఆదరణ కూడిక నాడు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయం నేనే చదివాను. అయ్యగారు మంచి మాటలే చెప్పారు. భోజనాలయ్యాయి. బంధువులు ఇంకా ఆకులు తీస్తుండగానే అమ్మ నాన్న మంచం మీద కూర్చుని గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టింది. మా పెద్దవాళ్ళు ఏడ్చినట్టు, పోయిన మనిషి చేసిన పనులన్నీ ఒక్కొక్కటీ పిలిచి ఏడవడం. వరదలో గట్టు మీదికెళ్ళొద్దని ఎంత మొత్తుకున్నా వినలేదనీ, నన్ను బడికి సైకిలు మీద పంపి తాను నడిచి పనికెళ్ళేవాడనీ, ఒక్కసారైనా ఆవిడ కంటే ముందు కంచం ముందు కూర్చోలేదనీ. నాకు సిగ్గేసింది. నిజం చెప్పాలంటే బాధకంటే ముందు సిగ్గేసింది. సండేస్కూలు మాస్టారి ఇంట్లో శోకాలేమిటని ఎవరైనా అనుకుంటారేమోనని. దగ్గరకెళ్ళి, "అమ్మా, మనం విశ్వాసులం. ఇలా ఏడవకూడదు. నాన్న ప్రభువు దగ్గరున్నారు. నిరీక్షణ లేనోళ్ళు కదా ఇలా ఏడ్చేది" అన్నాను.

అమ్మ నా మొహంలోకి చూసింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "సరేరా" అంది. ఆ తర్వాత నా ఎదుట ఏడవలేదు. వారం తిరక్కుండా నేను మా ఆవిడతో, "అమ్మ తేరుకుంది, ప్రార్థన పనిచేసింది" అన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు. తాను రోజూ అమ్మ దుప్పట్లు ఉతికే మనిషి. తలగడ గలీబు తడి ఆవిడకు తెలుసు.

అపొస్తలుడైన పౌలు ఆ పత్రికలో ఏడవొద్దని రాయలేదు. నిరీక్షణ లేనివాళ్ళు దుఃఖపడే తీరుగా మీరు దుఃఖపడొద్దని రాశాడు. దుఃఖం ఉంటుందనే రాశాడు. ఎన్నో భూస్థాపనల్లో చదివిన నేను ఆ వాక్యాన్ని ఎప్పుడూ సగంలో కోసేసి వాడుకున్నాను. లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్ళు పెట్టుకున్న సంగతి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. కాసేపట్లో తానే లేపబోతున్న మనిషి కోసం ఆయన ఏడ్చాడు. అది నేను కథగా చెప్పాను గానీ మా ఇంట్లోకి రానివ్వలేదు.

డిసెంబరు వచ్చింది. కోనసీమలో డిసెంబరు అంటే చప్పుడు. నవంబరు ఆఖరు నుంచే ఇంటింటికీ వెదురు గడ కట్టి స్టారు ఎత్తుతారు. కాలవ గట్ల వెంట రాత్రిపూట వెళ్తుంటే కొబ్బరి ఆకుల మధ్య నుంచి ఎర్రవీ పచ్చవీ స్టార్లు వరసగా కనబడతాయి. సెమీ క్రిస్మస్‌లు, యూత్ కూడికలు, ట్రాక్టర్ మీద స్పీకర్లు పెట్టుకుని తెల్లవారుజాము దాకా ఇంటింటికీ తిరిగే కేరల్స్ బృందాలు. నాకు ఇదంతా ఇష్టం. చిన్నప్పట్నుంచీ ఇష్టం. అయితే మా నాన్నవైపు వాళ్ళు లూథరన్లు, ఆ నాలుగు ఆదివారాలూ ఆగమన కాలమని వేరుగా పాటించే అలవాటు మాకుంది. అది పండగ కాదు, పండగ కోసం కాచుకుని ఉండే కాలం. అమ్మ నరసాపురం వైపు బ్రదరెన్ ఇంటి పిల్ల. వశిష్ఠ దాటి పంటు మీద కోడలిగా వచ్చింది. 1836లో బౌడెన్, బీర్ దొరలు ఆంధ్ర తీరానికి వచ్చి ఆ తర్వాత నరసాపురం కేంద్రంగా కట్టిన సహవాసాలవి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టేటప్పుడు అక్కడి కూలీల మధ్య కూడా బౌడెన్ బోధించాడు. వాళ్ళకు ఆగమన కాలం లేదు, కొవ్వొత్తులు లేవు. ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు, ఆయన మళ్ళీ వచ్చేదాకా విరుస్తూనే ఉంటారు. కాచుకుని ఉండటం అమ్మకు డిసెంబరుతో మొదలైన పని కాదు. ఏడాది పొడుగునా ఆదివారం ఆదివారం చేసిన పని. ఇది కూడా నేను ఆ ఏడే ఆలోచించాను, అంతకుముందు ఎప్పుడూ తట్టలేదు.

మా దగ్గర ఇంకో ఆచారం ఉంది. ఏ మతం వాళ్ళకైనా ఉంది. చావు జరిగిన ఇంట్లో ఆ ఏడు పండగ చెయ్యరు. పొయ్యి మీద నూనె మూకుడు పెట్టరు, పిండివంటలు చుట్టుపక్కలవాళ్ళే తెచ్చి ఇస్తారు. ఇది అవిశ్వాసుల ఆచారమని నేను నిర్ణయించాను. మన ఇంట్లో పండగ ఎప్పటికంటే ఘనంగా చేసి చూపిద్దామన్నాను. రాజమండ్రి నుంచి మనిషి ఎత్తు ఎల్‌ఈడీ స్టారు తెప్పించాను. అరిసెలు వండటానికి ఇద్దరు ఆడవాళ్ళను పిలిపించాను. కేరల్స్ వాళ్ళను ఆఖరి ఇల్లుగా మా ఇంటికే రమ్మని, టిఫిన్లు మావేనని చెప్పాను. నాకు భయంగా ఉండేది. ఇల్లు చీకటిగా ఉంటే మా విశ్వాసం ఆరిపోయిందని ఊరనుకుంటుందేమోనని. నా భయానికి నేను నిరీక్షణ అని పేరు పెట్టుకున్నాను.

మొదటి ఆగమన ఆదివారం నవంబరు 27న వచ్చింది. మందిరంలో నాలుగు కొవ్వొత్తుల కిరీటంలో మొదటిది వెలిగించి పిల్లలకు దాని చరిత్ర చెప్పాను. 1839లో జర్మనీలోని హాంబర్గులో విహెర్న్ అనే లూథరన్ బోధకుడు ఒక బండి చక్రం మీద కొవ్వొత్తులు నిలబెట్టి, క్రిస్మస్ దాకా రోజుకొకటి వెలిగించాడని చెప్పాను. వారపు రోజులకు చిన్నవి, ఆదివారాలకు పెద్దవి. ఆ చక్రం ఎవరి కోసం చేశాడో చెప్పలేదు. ఆయన నడిపిన ఇల్లు దిక్కులేని పిల్లలది. పండగ ఎప్పుడొస్తుంది, ఎప్పుడొస్తుంది అని అడిగి అడిగి విసిగించే పిల్లలకు లెక్క తెలియడానికి చేశాడు. సరిగ్గా ఆ 1839లోనే నవంబరు 25న మన కోరింగ మీద ఉప్పెన వచ్చి రేవునూ ఊళ్ళనూ తుడిచిపెట్టింది. ఆ తర్వాతి ఆదివారమే ఆగమన కాలం మొదలు. హాంబర్గులో ఆ చక్రం వెలిగే వేళకు గోదావరి మొగలో శవాలు ఇంకా దొరుకుతూ ఉండి ఉంటాయి. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకుని చూసే తెలివి నాకు అప్పుడు ఉంటే బావుండేది.

కేరల్స్ వచ్చిన రాత్రి సంగతి. వాకిలి నిండా జనం. డప్పు, కీబోర్డు, పిల్లల గెంతులు. స్టారు వెలుగు ఎదురింటి గోడ దాకా పడింది. నాకు గర్వంగా ఉంది. అమ్మ కనబడక పెరట్లోకి వెళ్ళాను. వసారాలో డొక్కల కుప్ప పక్కన, నాన్న పాత స్టారు చట్రం గోడకు ఆనించి ఉంది, దాని ముందు పీట వేసుకుని కూర్చుంది. ఆ చట్రాన్ని నేనే అటకమీంచి తీసి బయట పడేశాను, కొత్తది వచ్చిందని. అమ్మ దాని వెదురు బద్దల మీద మిగిలిన పాత కాగితం పొట్టును గోటితో గీకుతోంది. మైదా పిండిలో మైలుతుత్తం వేసి నాన్న కాచిన జిగురు ఇంకా ఆ మూలల్లో నీలంగా ఉంది. రెండు అయిదు మూలల చట్రాలు, కొసల దగ్గర సైకిలు ట్యూబు ముక్కతో కట్టినవి, మధ్యలో పొట్ట రావడానికి అడ్డంగా పెట్టిన చిన్న పుల్లలు. ఒక పుల్ల ఊడిపోతే దాన్ని మళ్ళీ ఇరికిస్తోంది. "లోపలికి రా అమ్మా, అందరూ అడుగుతున్నారు" అన్నాను. వచ్చింది. నవ్వుతూ అందరికీ టీలు ఇచ్చింది. ఆ నవ్వు చూసి కూడా నాకు అర్థం కాలేదు.

ఆ రాత్రి రెండు కావొస్తుండగా మెలకువ వచ్చింది. పెరటి వసారాలో మాటలు. కువైట్లో అప్పుడు పదకొండున్నర. చెల్లికి పని తెమిలేది ఆ వేళకే. అమ్మ ఫోను చెవికి ఆనించుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, చప్పుడు బయటికి రాకుండా ఏడుస్తోంది. అటు చెల్లి ఏడుపు నాకు వినబడుతూనే ఉంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. ఏడుస్తున్నారు, ఆగుతున్నారు, మళ్ళీ ఏడుస్తున్నారు. సెప్టెంబరు నుంచీ ఇదే నడుస్తోందని మర్నాడు మా ఆవిడ చెప్పింది. నేను పడుకున్నాక అమ్మ లేచి పెరట్లోకి వెళ్ళేది. చెల్లికి నేను ఫోన్ చేశాను. "నువ్వు ఏడవొద్దన్నావంట కదా అన్నయ్యా" అంది, కోపంగా కూడా కాదు. "ఇక్కడ నేను ఏడిస్తే మేడం ఊరుకోదు. ఇంట్లో చావు ముచ్చట తేవొద్దంటది. మీ ఇంట్లో అమ్మకీ అదే రూలా?"

నా చెల్లి పరాయి దేశంలో పరాయి ఇంట్లో పడే కష్టం, మా అమ్మ తాను కట్టుకున్న ఇంట్లో పడింది. ఆ రూలు పెట్టినవాణ్ణి నేను.

అయినా వెంటనే మారానని రాయలేను. రెండు మూడు రోజులు నాలో నేనే వాదించుకున్నాను. అమ్మకు బలం కావాలి కదా, నేను కూడా కూలబడితే ఎలా అని. ఆ వాదన తప్పని తేల్చింది నా ఆలోచన కాదు, అమ్మ అడిగిన ఒక ప్రశ్న.

సండేస్కూలు పిల్లలతో క్రిస్మస్ నాటకం ఏటా నేనే రాసి వేయిస్తాను. ప్రాక్టీసు మా వాకిట్లోనే. తువ్వాళ్ళు తలకు చుట్టుకున్న గొర్రెల కాపరులు, అట్టముక్క కిరీటాల జ్ఞానులు, హేరోదు. హేరోదు కోపంతో ఊగిపోయి తెర వెనక్కి వెళ్ళిపోగానే యోసేపు మరియమ్మ ఐగుప్తుకు బయలుదేరతారు, దూతలు పాట పాడతారు, అయిపోతుంది. అమ్మ చేటలో బియ్యం ఏరుకుంటూ చూస్తోంది. పాట అవ్వగానే, తలెత్తకుండానే అడిగింది.

"ఒరే, హేరోదు పిల్లల్ని చంపించాడు కదా. ఆ తల్లుల్నెందుకు పెట్టవురా నాటకంలో?"

"పండగ నాటకం కదమ్మా. అది పెడితే అంతా పాడవుద్ది."

"ఆళ్ళ ఊళ్ళోనే కదరా పండగ జరిగింది. మరి ఆళ్ళేరీ?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి మత్తయి రెండో అధ్యాయం తెరిచాను. బేత్లెహేము తల్లుల గురించి రాసేచోట సువార్తికుడు పాత ప్రవక్త మాటను తెచ్చి పెడతాడు. రాహేలు తన పిల్లల కోసం ఏడుస్తోందనీ, ఎవరు ఓదార్చినా ఓదార్పు వద్దందనీ. యేసు పుట్టిన కథలోనే, జ్ఞానులు కానుకలిచ్చి వెళ్ళిన పేజీలోనే ఉంది అది. ఓదార్పు వద్దన్న ఆ తల్లిని అక్కడ ఎవరూ మందలించలేదు. విశ్వాసం లేదనలేదు. ఆవిడ ఏడుపును ఉన్నదున్నట్టు రాసి, కథ ముందుకు వెళ్ళింది. పుస్తకం ఉంచినదాన్ని నేను ఏటేటా తీసేస్తూ వచ్చాను. పౌలు మాటలో సగం కోశాను, చక్రం కథలో సగం కోశాను, ఇక్కడా కోశాను. ఏడుపు ఉన్న సగమే ప్రతిసారీ పోయింది.

పెరట్లోకి వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను. క్షమించమని అడగాలనుకున్నాను. అడిగానో లేదో కూడా గుర్తులేదు. "నాన్న గురించి చెప్పమ్మా" అన్నాను. అంతే. ఆ రాత్రి అమ్మ గొంతెత్తే ఏడ్చింది. పక్కింటివాళ్ళు దీపం వేశారు. వేసుకోనీ అనుకున్నాను. నేనూ ఏడ్చాను. నాన్న పోయాక అదే నా మొదటి ఏడుపు. అమ్మను ఆపినప్పుడు నన్నూ ఆపుకున్నానని అప్పుడు తెలిసింది.

ఆ మాటల్లోనే 1996 వచ్చింది. నవంబరు 6 రాత్రి తుపాను మా తరంవాళ్ళకు ఎవరికీ మరుపు రాదు. నేను ఎనిమిదో తరగతి. మా తాటాకిల్లు పోయింది, మేం బడి గదిలో తల దాచుకున్నాం. తెల్లారి చూస్తే కోనసీమ కోనసీమలా లేదు. లక్షల కొబ్బరి చెట్లు కూలిపోయాయి, నిలబడ్డవాటికి మొవ్వులు విరిగిపోయాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు. సముద్రం వైపు ఊళ్ళలో వేటకు వెళ్ళినవాళ్ళు ఎంతోమంది తిరిగి రాలేదు. వారాల తరబడి కరెంటు లేదు. ఆ క్రిస్మస్‌కు నాన్న కూలిన ఇంటి వెదుళ్ళు చీల్చి స్టారు కట్టి, లోపల హరికేను లాంతరు పెట్టి, మొండి చెట్టుకు వేలాడదీశారు. ఈ కథ నేను సండేస్కూల్లో ఏటా చెబుతాను. తుపానులో కూడా మా నాన్న విశ్వాసం చలించలేదని చెబుతాను.

"చలించకపోవడమేంట్రా" అంది అమ్మ. "మీ నాన్న మొదటి వారం అన్నం ముట్టలేదు. పడిపోయిన చెట్ల కాయలు ఒలిచి ఒలిచి, అవి అయిపోయాక ఇంక ఏడేళ్ళ దాకా పని ఉండదని పడిన మాను మీద కూర్చుని ఏడ్చాడు. దేవుడితో పోట్లాడాడు. గట్టిగానే పోట్లాడాడు, నేనే చెవులు మూసుకున్నాను. మొదటి ఆగమన ఆదివారం మందిరానికి రానన్నాడు. అప్పటి అయ్యగారు మధ్యాహ్నం వచ్చి, ఆ మాను మీదే పక్కన కూర్చున్నారు. ఏం మాట్లాడలేదు. సాయంత్రం దాకా కూర్చుని వెళ్ళిపోయారు. మర్నాడూ వచ్చారు. స్టారు కట్టింది పండక్కి రెండు రోజుల ముందు. ముందు కట్టలేదు."

కొత్త మొక్క పెడితే పొడుగు రకం కొబ్బరి ఆరేడేళ్ళకు గానీ కాపుకు రాదు. నాన్న ఆ జనవరిలోనే పెరట్లో మొక్కలు నాటారు, అది నాకు తెలుసు. దానికి ముందు ఆయన ఏం పడ్డారో నాకు తెలియదు. తెలిసే వయసే నాది. నేను స్టారునే గుర్తుపెట్టుకున్నాను.

ఆ ఏటి నాటకంలో తల్లులను పెట్టాను. పదో తరగతి ఆడపిల్లలు ముగ్గురు, చేతుల్లో ఖాళీ పాత చీర ముక్కలు పట్టుకుని తెర ముందు కూర్చుంటారు. మాటలేమీ రాయలేదు. 24 సాయంత్రం వేశాం. బాగా రాలేదు. ఒక పిల్లకు నవ్వొచ్చింది. సంఘ పెద్దల్లో ఒకాయన లేచి, "పండగపూట ఏడుపేంటి మాస్టారూ" అని అందరికీ వినబడేలానే అని బయటికి వెళ్ళారు. ఇంతలో వెనక వరసలోంచి గట్టిగా ఏడుపు. ఆ జూలైలోనే కొడుకును ఏటిలో పోగొట్టుకున్న తల్లి, లంక నుంచి వచ్చింది. నాకు కాళ్ళు ఆడలేదు. నేను చేసిన పని వల్ల ఆవిడ నలుగురిలో బయటపడిపోయిందని గుండె జారిపోయింది. నేను మైకు పట్టుకుని ఏదో ప్రార్థన మొదలుపెట్టబోయాను. అమ్మ ముందు వరసలోంచి లేచి, నా వంక చూసి వద్దన్నట్టు చెయ్యి ఊపి, వెనక్కి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. ముసుగు సర్దుకుని ఆవిడ వీపు మీద చెయ్యి వేసింది. దూతల పాట పిల్లలు పాడేశారు, మైకు లేకుండానే. ఆ తల్లి మర్నాడు, ఆదివారం పండగ ఆరాధనకు కూడా వచ్చింది. తర్వాత నెల రాలేదు. మళ్ళీ వచ్చింది.

ఆ పెద్దాయన నాతో చాలాకాలం సరిగ్గా మాట్లాడలేదు. ఆయన చెప్పిందాంట్లో తప్పంతా ఉందని నేననను. పిల్లల పండగను బరువు చెయ్యకూడదన్నది ఆయన బాధ. ఈ మాట మీద మా సంఘంలో ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి. నాటకంలో తల్లులు మాత్రం ఉన్నారు.

ఇప్పుడు ఆగమన కాలం మొదలవగానే, ఆ ఏడు చావు జరిగిన ఇళ్ళకు నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. అన్నం, పప్పుచారు, ఏదో ఒక కూర క్యారేజీలో పెట్టి తీసుకెళ్తాం. మా మండలం లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఏ వేళ ఎవరొచ్చినా వాళ్ళెవరని అడక్కుండా ముందు విస్తరి వేసేవారని ఇక్కడ పసిపిల్లలకూ తెలుసు. 1909లో పోయిన మనిషి పేరు 2000లో కట్టిన కొత్త అక్విడెక్టుకు పెట్టుకున్నాం. రోజూ ఆ పేరు కిందనుంచే బడికి వెళ్తూ, దుఃఖంలో ఉన్న మనిషికి ముందు వాక్యం వడ్డించినవాణ్ణి నేను. ఇప్పుడైనా పూర్తిగా కుదురుకున్నానని చెప్పలేను. ఎవరింట్లోనైనా ఏడుపు మొదలవగానే నా నోటికి ఏదో ఒక వచనం వచ్చేస్తుంది. మా ఆవిడ మోచేత్తో పొడుస్తుంది. ఆగుతాను. వాళ్ళు అడిగితే చదువుతాను. అడిగేవాళ్ళున్నారు. కొందరు నాలుగు రోజులకే అడుగుతారు, కొందరు రెండేళ్ళకు. చదివినప్పుడు వాక్యం మొత్తం చదువుతున్నాను. నాన్న లేస్తారని నేను నమ్ముతున్నాను. అమ్మా నమ్ముతుంది, నాకంటే గట్టిగా నమ్ముతుంది. ఆ నమ్మకంతోనే అంత ఏడ్చింది.

చెల్లి ఈ ఏడు పండక్కి వస్తానంది. నాన్న పోయాక ఇదే మొదటి రాక. సమాధి ఇంకా చూడలేదు. టిక్కెట్టు ధరలు కూడా చూసుకుంది. మొన్న రాత్రి ఫోన్ చేసి, మేడం వాళ్ళ కూతురి కాన్పు దగ్గరపడిందని, ఫిబ్రవరిదాకా పంపనంటోందని చెప్పింది. అమ్మ ఫోను పెట్టేసి గట్టిగానే ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. కాసేపటికి ముక్కు చీదుకుని లేచి, "అరిసెలకి ఇప్పుడు బియ్యం నానబెట్టొద్దని మీ ఆవిడతో చెప్పు. పిల్ల వచ్చినప్పుడు వండుదాం. అప్పటికి కొత్త బెల్లం కూడా వచ్చేస్తది" అంది.

"మరి పండక్కి?"

"పండక్కి జంతికలు చాలు. వాము అయిపోయింది, రేపు వచ్చేటప్పుడు తీసుకురా."